ఇంటిపేరు పోయిన క్లాసులు

ప్రశ్న: నమస్తే మేడమ్. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో జావా డెవలపర్‌ని. మందుల హోల్‌సేల్ షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం. సప్లయర్ల ఇన్‌వాయిస్‌లు ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్ళుగా, అంటే ట్యాగుల మధ్య సమాచారం పెట్టిన టెక్స్ట్ ఫైళ్ళుగా వస్తాయి. వాటిని జాక్స్‌బి అనే జావా లైబ్రరీతో ఆబ్జెక్టులుగా మార్చుకుంటాం. జావా 8 నుంచి 17కి వెళ్తూ జావాఎక్స్ అనే పాత పేరుతో ఉన్న ఇంపోర్టులన్నీ (ఏ లైబ్రరీ వాడుతున్నామో చెప్పే లైన్లు) జకార్తా అనే కొత్త పేరుకి మార్చి, క్లాసులన్నీ కొత్త ప్యాకేజీలోకి కాపీ చేశాను. రన్ చేస్తే రూట్ (అన్నిటికంటే పై ట్యాగు) దగ్గరే ‘అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఎలిమెంట్’ అంది. నెట్‌లో చూసి, ఫైలుని ఆబ్జెక్టుగా మార్చే అన్‌మార్షల్ మెథడ్‌కి రెండో ఆర్గ్యుమెంట్‌గా క్లాసు ఇచ్చాను. ఎర్రర్ పోయింది. కానీ ఇన్‌వాయిస్ నంబరు, తేదీ మాత్రమే వస్తున్నాయి. సప్లయర్ పేరు నల్ (ఏమీ లేదు), మొత్తం సొమ్ము సున్నా, ఐటమ్‌ల లిస్టు ఖాళీ. వచ్చే వారం రిలీజ్. టెన్షన్‌గా ఉంది. అసలు జావావాళ్ళు ఇన్ని తిప్పలెందుకు పెట్టారు?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: పేరు రాయలేదు కాబట్టి బాబూ అనే పిలుస్తాను. మీరు ఉత్తరంతో పాటు ఫైల్లోని నాలుగు లైన్లు కూడా పంపడం మంచి పని చేశారు. అందులోనే ఉంది జవాబు. నంబరు, తేదీ ఇన్‌వాయిస్ ట్యాగు లోపలే ఆట్రిబ్యూట్లుగా ఉన్నాయి. మిగతావన్నీ విడి ఎలిమెంట్లు, అంటే సొంత ట్యాగులున్నవి. అంటే ఆట్రిబ్యూట్లు బతికాయి, ఎలిమెంట్లు పోయాయి. ఇలా జరిగిందంటే నేను ముందు అనుమానించేది నేమ్‌స్పేస్‌నే. ఎక్కడో పాత జావాఎక్స్ అనోటేషన్లు (క్లాసుల మీద @తో రాసే గుర్తులు) మిగిలిపోయాయేమో అని కూడా చూశాను. అదే అయితే కొత్త లైబ్రరీ వాటిని పట్టించుకోదు, అప్పుడు ఆట్రిబ్యూట్లు కూడా వచ్చేవి కావు.

నేమ్‌స్పేస్ అంటే ఇంటిపేరు అనుకోండి. మన ఊళ్ళలో సుబ్బారావులు పదిమంది ఉంటారు, ఏ ఇంటి సుబ్బారావు అన్నదే లెక్క. ట్యాగుకి ముందు కోలన్‌తో వచ్చే పొట్టి అక్షరాలు మనం పేరుకి ముందు పెట్టుకునే ఇనీషియల్ లాంటివి. అసలు ఇంటిపేరు ఆ పొడుగాటి అడ్రసు. అది చూడ్డానికి వెబ్‌సైట్ లింకులా ఉంటుంది, కానీ దాన్ని ఎవరూ తెరవరు. మీ ఫైల్లో ఇనీషియల్ కూడా లేదు, రూట్ ట్యాగులో ఒక్కసారి ఆ అడ్రసు రాసి వదిలేశారు. ఒక ఇంట్లో వాళ్ళు ఒకరినొకరు ఇంటిపేరు పెట్టి పిలుచుకోరు కదా, కానీ అందరికీ ఆ ఇంటిపేరు ఉన్నట్టే. ఆట్రిబ్యూట్లకి మాత్రం ఈ వారసత్వం రాదు. అందుకే అవి మీకు దొరికాయి.

మరి మీ క్లాసుల ఇంటిపేరు ఎక్కడ పోయింది? పాత ప్యాకేజీ ఫోల్డర్లో ‘ప్యాకేజ్-ఇన్ఫో’ అనే చిన్న ఫైలు ఉందేమో చూడండి. అందులో క్లాసేమీ ఉండదు, ఒక ఎక్స్‌ఎమ్‌ఎల్‌స్కీమా అనోటేషన్, దాని కింద ప్యాకేజీ పేరు, అంతే. ఆ అనోటేషన్‌లోనే నేమ్‌స్పేస్ అడ్రసు, ‘ఎలిమెంట్‌ఫామ్‌డిఫాల్ట్ క్వాలిఫైడ్’ (లోపలి ఎలిమెంట్లకీ అదే ఇంటిపేరు) అన్న మాట ఉంటాయి. క్లాసులు ఏరుకుని కాపీ చేసేటప్పుడు దీన్ని వదిలేయడం చాలా మామూలు. లేకపోయినా కంపైలర్ ఒక్క మాట అనదు. దాన్ని కొత్త ప్యాకేజీలోకి తెచ్చి, లోపల ప్యాకేజీ పేరు, ఇంపోర్టులు మార్చండి. మీ ఫీల్డులు తిరిగి వస్తాయి.

ఇప్పుడు కాస్త మందలిస్తాను. మీకు మొదట వచ్చిన ఎర్రర్ నిజమే చెప్పింది. ‘ఈ ఇంటిపేరుతో వచ్చినవాణ్ణి నేనెరుగను’ అంది. మీరు రెండో ఆర్గ్యుమెంట్‌గా క్లాసు ఇచ్చి, ఎవరొచ్చినా ఇన్‌వాయిస్ అనుకో అన్నారు. అలా ఇస్తే జాక్స్‌బి రూట్ పేరు చూడటం మానేస్తుంది. లోపలి ఎలిమెంట్లలో తెలియనివి ఉంటే అది మామూలుగానే నోరెత్తకుండా దాటేస్తుంది. మీరు ఎర్రర్‌ని తీయలేదు, దాని నోరు నొక్కారు.

ఈ దెబ్బ నేనూ తిన్నాను. 2011లో ఒక మోటార్ల గోడౌన్‌కి స్టాక్ ప్రోగ్రాం చేశాం. మాకు ఫైళ్ళు పంపే అవతలివాళ్ళు ఒకరోజు చెప్పాపెట్టకుండా క్వాంటిటీ ట్యాగు పేరు మార్చారు. మా క్లాసులో అది ఉత్త ఇంట్, ‘ఏమీ లేదు’ అని చెప్పలేని అంకె రకం. ఎలిమెంట్ దొరక్కపోతే ఇంట్ సున్నాగానే ఉండిపోతుంది. స్టాక్ సున్నా అనుకున్న ప్రోగ్రాం రాత్రికి రాత్రి అన్నిటికీ ఆర్డర్లు పెట్టేసింది. పొద్దున్నే మేనేజర్ ఫోన్: “పదకొండు వందల మోటార్లు నేనెక్కడ పెట్టుకోను మేడమ్, నెత్తిన పెట్టుకోనా?” ఆ రోజు నుంచి ఇలాంటి క్లాసుల్లో నేను ఇంట్ రాయను, ఇంటీజర్ రాస్తాను. లేనిది నల్‌గా కనపడాలి. సొమ్ముకైతే దశాంశాల్ని ఖచ్చితంగా ఉంచే బిగ్‌డెసిమల్.

రిలీజ్‌కి ముందు ఇంకో పని చేయండి. అన్‌మార్షలర్‌కి (ఫైలు చదివే ఆబ్జెక్టుకి) సెట్‌ఈవెంట్‌హ్యాండ్లర్‌తో డిఫాల్ట్ వాలిడేషన్ ఈవెంట్ హ్యాండ్లర్ తగిలిస్తే తెలియని ఎలిమెంట్ రాగానే ఆగుతుంది. సప్లయర్ దగ్గర ఎక్స్‌ఎస్‌డి ఫైలు (ఏ ఎలిమెంట్లు ఉండాలో చెప్పేది) ఉంటే అడిగి తీసుకుని, సెట్‌స్కీమాతో ఇవ్వండి, రావలసిన ఎలిమెంట్ రాకపోయినా పట్టుకుంటుంది. జాక్స్‌బి కాంటెక్స్ట్‌ని (మీ క్లాసుల వివరాలు పట్టుకుని ఉండే ఆబ్జెక్టుని) ఒక్కసారే కట్టి దాచుకోండి, అది కట్టడానికి టైము పడుతుంది. థ్రెడ్ల (ఒకేసారి నడిచే పనుల) మధ్య దాన్ని పంచుకోవచ్చు. అన్‌మార్షలర్‌ని మాత్రం పంచుకోకూడదు.

జావావాళ్ళు ఇన్ని తిప్పలెందుకు పెట్టారని చివర్లో అడిగారు. 2006లో జావా 6తో జాక్స్‌బి జేడీకే (జావా ప్రోగ్రాంలు రాసే కిట్) లోపలికి వచ్చింది, 2018లో జావా 11 దాన్ని బయట పెట్టేసింది. ఈలోగా జావా సొంతదారు ఒరాకిల్, జావా ఈఈని (పెద్ద సంస్థల ప్రోగ్రాంలకి వాడే జావా లైబ్రరీల కట్ట) జాక్స్‌బితో సహా ఎక్లిప్స్ ఫౌండేషన్‌కి అప్పజెప్పింది కానీ కొత్తగా మార్చే వెర్షన్లకి జావాఎక్స్ అన్న పేరు వాడుకోనివ్వలేదు. అందుకే జకార్తా. ఇల్లు అమ్మారు కానీ ఇంటిపేరు ఇవ్వలేదన్నమాట.

ప్రశ్న: మా ఆఫీసులో విండోస్ మెషీన్ మీద, జావా 17తో, ఖాతాదారుల పేర్లు తెలుగులో ఎక్స్‌ఎమ్‌ఎల్‌కి రాస్తున్నాం. ‘సుబ్బారావు’ బదులు పది ప్రశ్నార్థకాలు వస్తున్నాయి. ఫైలు పైన యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలూ రాయగల ఎన్‌కోడింగ్) అనే ఉంది. ఫాంటు సమస్యా?
– మరో పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఫాంటు కాదు. లెక్కపెట్టండి: స, ఉకారం, బ, పొల్లు, బ, దీర్ఘం, ర, దీర్ఘం, వ, ఉకారం. అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే యూనికోడ్‌లో సుబ్బారావు పది గుర్తులు, పదీ పోయాయి. మీరు మార్షల్ మెథడ్‌కి (ఆబ్జెక్టుని ఎక్స్‌ఎమ్‌ఎల్‌గా రాసేది) ఫైల్‌రైటర్ ఇస్తున్నారని నా అనుమానం. జావా 17 వరకూ ఫైల్‌రైటర్ ఆ మెషీన్ అలవాటు ఎన్‌కోడింగ్‌నే (అక్షరాల్ని బైట్లుగా మార్చే పద్ధతి) వాడుతుంది. విండోస్‌లో అది చాలాసార్లు తెలుగు రానిది. పైన ఉన్న యూటీఎఫ్-8 అన్న లైను జాక్స్‌బి రాసింది, కింద అక్షరాలు రాసింది రైటర్. ఒకరి మాట ఇంకొకరికి తెలియదు. రైటర్ తీసేసి ఫైల్ అవుట్‌పుట్ స్ట్రీమ్ ఇవ్వండి, అప్పుడు రెండు పనులూ జాక్స్‌బియే చేస్తుంది. సుబ్బారావు ఫైల్లో ముప్ఫై బైట్లు ఆక్రమిస్తాడు, ఒక్కో గుర్తుకి మూడు. పాత ఫైళ్ళలో ప్రశ్నార్థకాలైపోయిన పేర్లు తిరిగి రావు, డేటాబేస్ నుంచి మళ్ళీ రాయించుకోండి.