డాక్టర్ సలహా: ఆడవాళ్లకు మాత్రమే ఉండే డీఅడిక్షన్ సెంటర్లో అక్క చేరతానంటోంది, అది సాకేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అక్క గురించి రాస్తున్నాను. వయసు 41. ఆరేళ్ల క్రితం అమ్మ పోయాక నిద్ర పట్టడం లేదని రాత్రిపూట కొద్దిగా వైన్ తీసుకోవడం మొదలుపెట్టింది. ఇప్పుడు రోజూ విస్కీ, పగలు కూడా. స్టీలు వాటర్ బాటిల్‌లో పోసుకుని పక్కనే పెట్టుకుంటుంది. దానికి తోడు రెండేళ్లుగా జోల్పిడెమ్ అనే నిద్రమాత్ర. నాలుగు నెలల క్రితం ఒక డీఅడిక్షన్ సెంటర్లో చేర్పించాం. అక్కడ నలభై మంది దాకా ఉంటే ఆడవాళ్లు ముగ్గురే. తొమ్మిదో రోజున "నన్ను తీసుకెళ్లిపోండి" అని ఏడ్చి వచ్చేసింది. వారం తిరక్కుండానే మళ్లీ మొదలు. "ఆ గదిలో నాకు నోరు పెగల్లేదే" అంటుంది, అంతకు మించి చెప్పదు. ఆడవాళ్లకు మాత్రమే ఉండే సెంటరైతే వెళ్తానంటోంది. బావ మాత్రం అది సాకు అంటున్నారు. తాగితే వాంతులయ్యే మాత్ర ఒకటి ఉందట, తెలియకుండా తినేదాంట్లో కలిపి పెడదామంటున్నారు. పాపకు 12, బాబుకు 7. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మిగతావన్నీ తర్వాత. ముందు మీ బావగారిని ఆ మాత్ర జోలికి వెళ్లకుండా ఆపండి.

ఆయన చెప్పేది బహుశా డైసల్ఫిరామ్. మద్యం లివర్‌లో విరిగేటప్పుడు మధ్యలో అసిటాల్డిహైడ్ అనే విషపదార్థం తయారవుతుంది. మామూలుగా అది వెంటనే ఇంకో రూపంలోకి మారిపోతుంది. ఈ మాత్ర ఆ మార్పును అడ్డుకుంటుంది. అప్పుడు తాగితే ముఖం ఎర్రబడటం, గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం మొదలవుతాయి. కొందరిలో గుండెకే ముప్పు, ప్రాణం కూడా పోవచ్చు. మాత్ర ఆపేశాక కూడా రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉండొచ్చు. దీన్ని వాడేది లివర్, గుండె పరీక్షలు చేసి, చివరిసారి తాగి కనీసం 12 గంటలు గడిచాక, అన్నీ వివరించి పేషెంట్ ఒప్పుకుంటేనే. ఆమె ఒప్పుకుని, భర్త చేతి మీదుగా రోజూ వేసుకుంటే పనికొచ్చే మందే. దొంగచాటుగా పెడితే మాత్రం అది వైద్యం కిందికి రాదు. రేపు నిజం తెలిశాక ఆవిడ ఆ ఇంట్లో ఎవరు పెట్టింది తింటుంది?

రెండో తొందర పని. ఈసారి "ఇవాళ్టి నుంచి బంద్" అని ఇంట్లోనే సీసాలు పారబోసి కూర్చోకండి. రోజూ ఎక్కువ మోతాదులో తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే చివరి గుటక తర్వాత ఆరేడు గంటల నుంచే చేతులు వణకడం, చెమటలు, కంగారు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పుతుంది. లేనివి కనిపిస్తాయి, పగలో రాత్రో తెలియదు, జ్వరం, బీపీ పెరుగుతాయి. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటాం, ఐసీయూ దాకా వెళ్లే పరిస్థితి. మీ అక్క విషయంలో దీనికి తోడు రెండేళ్ల నిద్రమాత్ర కూడా ఉంది. మద్యం, జోల్పిడెమ్ రెండూ మెదడులో దాదాపు ఒకే మీట మీద పనిచేస్తాయి. రెండూ ఒకేసారి ఆపేస్తే దెబ్బ రెట్టింపు. మద్యానికి కొన్ని రోజులు లోరాజెపామ్ లాంటి మందుల రక్షణ ఇచ్చి ఆపుతారు. నిద్రమాత్రను డాక్టర్ వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తారు. విటమిన్ బి1 ఇంజక్షన్ కూడా తప్పనిసరి. అది లోపించిన ఒంట్లోకి ముందుగా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. కాబట్టి ఎక్కడ చేర్చినా, చేర్చేటప్పుడు ఆ నిద్రమాత్ర సంగతి దాచొద్దు. తాగుడు ఒప్పుకున్నవాళ్లు కూడా మాత్రల దగ్గర నోరు మెదపరు.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ జోల్పిడెమ్ మొదలుపెట్టే డోసును ఆడవాళ్లకు 10 మిల్లీగ్రాముల నుంచి 5కు తగ్గించమంది. ఆడవాళ్ల ఒంట్లో నుంచి ఆ మందు నెమ్మదిగా పోతుందని తేలింది. మద్యం కథా అలాంటిదే. ఒకే బరువున్న మగవాడూ ఆడమనిషీ ఒకే కొలత తాగినా ఆమె రక్తంలో మద్యం మోతాదు ఎక్కువ ఉంటుంది. ఒంట్లో నీటి శాతం తక్కువ కావడం ఒక కారణం, పొట్టలోనే మద్యాన్ని కొంత విరగ్గొట్టే ఎంజైమ్ తక్కువగా ఉండటం ఇంకో కారణం. అందుకే మొదటి గ్లాసు నుంచి వదల్లేని స్థితి దాకా పట్టే కాలం ఆడవాళ్లలో తక్కువ. లివర్ కూడా తక్కువ ఏళ్లలో, తక్కువ మోతాదుకే చెడిపోతుంది. "ఆరేళ్లకే ఇంత అయిందేమిటి, మా ఆఫీసులో ఆయన ఇరవై ఏళ్లుగా తాగుతున్నాడు" అని ఎవరైనా అంటే ఇదే జవాబు చెప్పండి.

ఇక మీరు అడిగిన అసలు విషయం. సాకా, నిజమా?

నేను చూసిన ఒకావిడ గురించి చెప్తాను, గుర్తుపట్టే వివరాలు మార్చేశాను. మొదటిసారి ఆమె చేరింది మగవాళ్లు, ఆడవాళ్లు కలిసి ఉండే చోటే. కుర్చీలు గుండ్రంగా వేసి గ్రూప్ సెషన్ పెడతారు. ఒకాయన తాగి బండి ఎక్కడ వదిలేశాడో చెప్తాడు, ఇంకొకాయన దానికి మించింది చెప్తాడు, నవ్వులు. ఈవిడ తలుపు పక్క కుర్చీలో కూర్చుని చేతిలోని నీళ్ల సీసా మీద కాగితాన్ని గోటితో గీకుతూ ఉండేది. తన వంతు వస్తే "నిద్ర పట్టట్లేదండీ" అని తల దించుకునేది. మూడు వారాలూ అదే వాక్యం. రాసుకునే డాక్టర్ కూడా కేసు షీటులో నిద్రలేమి అనే రాశాడు.

ఏడాది తర్వాత ఆడవాళ్ల యూనిట్‌లో చేరింది. నాలుగో రోజు గ్రూపులో వేరే ఆవిడ, పిల్లాడు పడుకునేదాకా ఆగలేక వాడి మీద అరిచేదాన్నని చెప్పింది. అప్పుడు ఈవిడ నోరు తెరిచింది. "నేను హాల్లో గడియారం గంట ముందుకు తిప్పేదాన్ని. తొమ్మిదైంది పడుకోండి అనేదాన్ని. ఒకరోజు మా చిన్నది కిటికీలోంచి చూసి, అమ్మా ఇంకా వెలుతురు ఉందే అంది." గదిలో ఎవరూ నవ్వలేదు. చీదరించుకోనూ లేదు. ఇద్దరు మాత్రం తల ఊపారు. ఆమె చికిత్స ఆ సాయంత్రం మొదలైందనే నా అభిప్రాయం. ఆ తర్వాత చాలా రోజులకు, భర్త చేయి చేసుకునే సంగతి కూడా బయటికొచ్చింది. తాగడానికి అసలు మూలం అక్కడుంది. బెదిరించినవాడి గొంతును గుర్తుచేసే గొంతులు చుట్టూ ఉన్న గదిలో ఆ మాట ఎలా వస్తుంది?

మీ అక్క "నోరు పెగల్లేదు" అనడాన్ని నేను ఇలాగే చదువుతున్నాను. ఏముందో నాకు తెలియదు, మీరూ తవ్వకండి. అమ్మ పోయిన దుఃఖం కావచ్చు, మరొకటి కావచ్చు. మగవాడు తాగితే అలవాటంటారు, తల్లి తాగితే తల్లే కాదంటారు. ఆ సిగ్గు ఆడవాళ్ల మీద ఇంకో బరువు. ప్రపంచం మొత్తం మీద మాదకద్రవ్యాలు వాడేవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లని, చికిత్సకు వచ్చేవాళ్లలో మాత్రం ఐదుగురిలో ఒకరే ఆడమనిషని ఐక్యరాజ్యసమితి 2015 నివేదిక లెక్క. మిగిలినవాళ్లు పిల్లల్ని ఎవరికి అప్పగించాలో తెలియక, నలుగురికీ తెలుస్తుందని భయపడి ఇంట్లోనే ఉండిపోతారు.

తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా నడుపుకునే సంఘం, 1935లో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్‌లో మొదటి మెట్టు "మద్యం ముందు మా శక్తి చాలలేదు" అని ఒప్పుకోవడం. మగవాళ్లే ఎక్కువగా ఉన్న సంఘం నుంచి వచ్చిన మాట అది. తానూ తాగుడు నుంచి బయటపడిన జీన్ కిర్క్‌ప్యాట్రిక్ అనే అమెరికన్ మహిళ 1970లలో ఆడవాళ్ల కోసం విడిగా విమెన్ ఫర్ సొబ్రైటీ అనే సంఘం పెట్టింది. ఆడమనిషికి ముందు తన మీద తనకు విలువ కలగాలన్నది ఆమె వాదన. ఈ రెండు దారుల్లో ఏదో ఒకటే గొప్పదని నేను అనను. మొదటిదాంతో బాగుపడిన ఆడవాళ్లనూ చూశాను.

అలాగని బోర్డు మీద "మహిళలకు మాత్రమే" అని ఉంటే చాలనుకోవద్దు. విడిగా చికిత్స ఇచ్చిన చోట్లను, కలిపి ఇచ్చిన చోట్లను పోల్చిన పరిశోధనలు చూస్తే, అందరినీ కలిపి లెక్కేసినప్పుడు తేడా మరీ పెద్దగా లేదు. ఎవరికి తేడా ఉంటుందంటే, హింసకు గురైనవాళ్లకు, గర్భిణులకు, చిన్నపిల్లల తల్లులకు. వీళ్లు ఆడవాళ్ల కోసమే నడిపే చోట, ముఖ్యంగా పిల్లల్ని దగ్గర ఉంచుకోనిచ్చే చోట, ఎక్కువ రోజులు నిలబడతారు. ఈ జబ్బులో నిలబడటమే సగం. మీ అక్క తనకు తానే ఫలానా చోటైతే వెళ్తానంటోంది, అది వదులుకోవద్దు.

వెళ్లి చూసేటప్పుడు ఏం చూడాలి? గదుల అందం వదిలేయండి. సైకియాట్రిస్ట్ రోజూ వస్తారా, రాత్రి డ్యూటీలో నర్సు ఉంటుందా, ఫిట్స్ వస్తే ఏ ఆస్పత్రికి తీసుకెళ్తారు, ఇవి అడగండి. రాత్రిపూట ఆ అంతస్తులోకి మగ సిబ్బంది ఎవరు, ఏ పని మీద వస్తారో నిలదీసి అడగొచ్చు, మంచి సెంటర్ దానికి నొచ్చుకోదు. చేర్చేముందు లివర్ పరీక్షలతో పాటు గర్భ పరీక్ష కూడా చేయాలి. మందుల ఎంపిక దాన్ని బట్టి మారుతుంది. డిప్రెషన్, పాత భయాలు, తిండికి సంబంధించిన సమస్యలు ఉన్నాయేమో చూస్తారా? జరిగింది చెప్పి తీరాలని గ్రూపులో ఒత్తిడి చేస్తే అది మంచి పద్ధతి కాదు. చెప్పడం ఆమె ఇష్టం, చెప్పే రోజూ ఆమెదే. పిల్లలతో ఫోన్‌లో మాట్లాడనిస్తారా? "క్రమశిక్షణ కోసం" మొదటి నెల ఎవరితోనూ మాట్లాడనివ్వమన్నా, గొలుసు, దెబ్బ, తాళం అనే మాటలు వినిపించినా అక్కడి నుంచి వచ్చేయండి. బోర్డు ఆడవాళ్లదైనా సరే.

ఎన్ని రోజులంటారా? మద్యం ఒంట్లోంచి పోయి వణుకు తగ్గడానికే వారం, పది రోజులు పడుతుంది. అంటే మీ అక్క తొమ్మిది రోజులున్నది డీటాక్స్‌లో మాత్రమే, చికిత్స ఇంకా మొదలే కాలేదు. దాన్ని ఫెయిల్ అయిందని ఎలా అంటాం? సెంటర్లో ఉండటం, ఆ తర్వాత బయటి నుంచి వచ్చి చూపించుకోవడం కలిపి మూడు నెలల కన్నా తక్కువైతే ఫలితం అంతంత మాత్రమే. తాగాలన్న తపన తగ్గించడానికి నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ అనే మందులున్నాయి. మొదటిది ఇవ్వాలంటే లివర్ చూసుకోవాలి, రెండోదానికి కిడ్నీలు. నెలసరికి ముందు రోజుల్లో తపన ఎక్కువవుతుందని చెప్పేవాళ్లు ఉన్నారు, తేదీలు రాసుకుంటే డాక్టర్‌కు పనికొస్తుంది. మధ్యలో ఒకసారి జారినా కంగారుపడకండి. చికిత్స తర్వాత 40 నుంచి 60 శాతం మంది మళ్లీ తాగుతారు. బీపీ, ఆస్తమా మందులు మానేసి జబ్బు తిరగబెట్టుకునేవాళ్ల సంఖ్య కూడా ఇంచుమించు అంతే. వాళ్లను మనం సంకల్పం లేనివాళ్లనం కదా.

పిల్లల సంగతి. పాపకు 12 ఏళ్లంటే ఆ స్టీలు బాటిల్‌లో ఏముందో ఎప్పుడో తెలిసి ఉంటుంది. "అమ్మ ఊరెళ్లింది" అని చెప్పకండి. అమ్మకు జబ్బు చేసింది, తాగకుండా ఉండలేని జబ్బు, నయం చేయించుకోవడానికి వెళ్తోంది, ఇందులో నీ తప్పేమీ లేదు, అమ్మను కాపలా కాయడం నీ పని కాదు, అని చెప్పండి. చివరి రెండు మాటలూ ఇంకోసారి చెప్పినా ఫర్వాలేదు. బాబుకు అంత అక్కర్లేదు. రోజూ ఏ టైముకు అమ్మ ఫోన్ చేస్తుందో, స్కూల్ నుంచి ఎవరు తీసుకొస్తారో తెలిస్తే చాలు.

మీ బావగారికి కూడా చేయడానికి పనుంది. ఇంట్లో ఉన్న మద్యమంతా, తాను తాగేది ఉంటే అది కూడా, అక్క సెంటర్లో ఉండగానే తీసేయించండి. కుటుంబ కౌన్సెలింగ్‌కు పిలిస్తే రమ్మనండి. ఒక షరతు. ఇంట్లో ఆయన వల్ల ఆమెకు భయం ఉన్నట్టు మీకు ఏ కాస్త అనుమానం ఉన్నా, ఆ సంగతి ముందే కౌన్సెలర్ చెవిన వేయండి. ఇద్దర్నీ ఒకే గదిలో ఎప్పుడు కూర్చోబెట్టాలో వాళ్లు చూసుకుంటారు.

చేరేలోపు ఫిట్స్ వచ్చినా, మాట తడబడుతూ లేనివి చూస్తున్నా, నడక తూలుతూ కళ్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నా, రక్తం కక్కినా సెంటర్ కోసం చూడకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. అలాంటివేమీ లేకపోతే ఈ వారంలోనే ఒక ఉదయం, ఆమె కాస్త తేటగా ఉన్నప్పుడు, రెండు మూడు సెంటర్ల నంబర్లు తీసుకుని అక్క పక్కన కూర్చోండి. ఫోన్ ఆమె చేతికే ఇవ్వండి. మొదటి ప్రశ్న ఆమెనే అడగనివ్వండి.