ఎల్బే ఒడ్డున కలిసిన చేతులు

మీరు అడిగారు: ఈ నెల చరిత్ర ప్రశ్నలు

అమెరికా, సోవియట్ యూనియన్ల మధ్య నడిచిన ప్రచ్ఛన్న యుద్ధం మీద సందేహాలుంటే రాయమని పోయిన సంచికలో అడిగాను. ఉత్తరాలు, మెయిళ్లు, వాట్సాప్ మెసేజ్‌లు కలిపి ఇన్ని వస్తాయనుకోలేదు. అన్నిటికీ చోటు చాలదు కాబట్టి ఎక్కువమంది అడిగిన ఐదు ప్రశ్నలు తీసుకున్నాను.

ప్రశ్న: హిట్లర్‌ను ఓడించడానికి అమెరికా, రష్యా కలిసే పోరాడాయి కదా సార్. గెలిచి రెండేళ్లు తిరక్కుండానే బద్ధశత్రువులు ఎలా అయ్యారు? అసలు తప్పు ఎవరిది? (డిగ్రీ విద్యార్థిని, తెనాలి)

జవాబు: వాళ్లిద్దరినీ కలిపింది హిట్లరేనమ్మా. అంతకు ముందు వాళ్ల మధ్య మంచి మాటే లేదు. 1917 విప్లవం తర్వాత రష్యాలో అంతర్యుద్ధం జరుగుతున్నప్పుడు అమెరికా సైనికులు అర్ఖాంగెల్స్క్‌లో, వ్లదివొస్తోక్‌లో దిగారు. సోవియట్ ప్రభుత్వాన్ని అమెరికా గుర్తించిందే 1933లో. ఇటు చూస్తే 1939లో స్టాలిన్ హిట్లర్‌తోనే ఒప్పందం చేసుకుని పోలండ్‌ను పంచుకున్నాడు. 1941 జూన్‌లో అదే హిట్లర్ రష్యా మీద పడ్డాకే అందరూ ఒక్కటయ్యారు. పాత అనుమానాలను అటకెక్కించారే గానీ పారేయలేదు.

1945 ఏప్రిల్ 25న జర్మనీలో టోర్గావ్ ఊరి దగ్గర, ఎల్బే నది ఒడ్డున, తూర్పు నుంచి వచ్చిన సోవియట్ సైనికులు, పడమటి నుంచి వచ్చిన అమెరికన్ సైనికులు చేతులు కలిపారు. ఆ ఫొటోలు చూడండి, ఆ కుర్రాళ్ల మొహాల్లో నటన కనిపించదు, ఇక ఇంటికి వెళ్లిపోవచ్చన్న సంతోషమే. పై వాళ్ల లెక్కలు మాత్రం అప్పటికే వేరుగా ఉన్నాయి.

యుద్ధంలో సోవియట్ యూనియన్ పోగొట్టుకున్నది సుమారు 2.7 కోట్ల మందిని. అమెరికా పోగొట్టుకున్నది 4 లక్షల పైచిలుకు. ప్రాణం ఎవరిదైనా ప్రాణమే, కానీ ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే తప్ప స్టాలిన్ మనసులో ఏముందో అర్థం కాదు. జర్మనీ మీద పడమటి వైపు నుంచి రెండో యుద్ధరంగం తెరవమని 1941 నుంచి అడుగుతుంటే, మిత్రులు ఫ్రాన్సులోని నార్మండీలో దిగింది 1944 జూన్ 6న. మమ్మల్ని చావనిచ్చి చివర్లో వచ్చారని ఆయన నమ్మాడు. పైగా జర్మనీ లొంగిపోయి వారం కాకుండానే అమెరికా యుద్ధకాలంలో రష్యాకు పంపుతున్న సరుకుల సాయం ఆపేస్తూ, సముద్రంలో ఉన్న ఓడలను కూడా వెనక్కి తిప్పించింది. గొడవయ్యాక ఆ ఉత్తర్వును సర్దారు గానీ, మనసులో పడిన ముల్లు పోలేదు.

ముప్ఫై ఏళ్లలో రెండుసార్లు జర్మనీ సేనలు పోలండ్ మీదుగానే వచ్చాయి కాబట్టి, అక్కడ తన మాట వినే ప్రభుత్వమే ఉండాలని స్టాలిన్ పట్టుబట్టాడు. 1945 ఫిబ్రవరిలో క్రిమియాలోని యాల్టాలో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్, బ్రిటన్ ప్రధాని చర్చిల్‌ల ముందు కూర్చుని పోలండ్‌లో స్వేచ్ఛగా ఎన్నికలు జరిపిస్తామని ఒప్పుకున్నాడు. 1947 జనవరిలో ఎన్నికలైతే జరిగాయి, ప్రతిపక్షాల వాళ్లను అరెస్టు చేసి, బెదిరించి, ఓట్ల లెక్కలు మార్చి. బ్రిటన్ అసలు 1939లో యుద్ధంలోకి దిగింది ఆ పోలండ్ కోసమే కదా.

తప్పెవరిదని సూటిగా అడిగావు కాబట్టి నా అభిప్రాయం కూడా సూటిగానే చెబుతాను. స్టాలిన్ భయం నిజమైనదే. కానీ తన భయం పోవడానికి అరడజను దేశాల జనం నోరు నొక్కాడు, ఆ తప్పు ఆయనదే. అలాగని అవతలివాళ్లు చేతులు కడుక్కోవడానికి లేదు. 1944 అక్టోబర్‌లో మాస్కోలో ఒక రాత్రి చర్చిల్ ఒక కాగితం ముక్క మీద రొమేనియాలో 90 శాతం రష్యాకి, గ్రీసులో 90 శాతం బ్రిటన్‌కి, యుగొస్లావియా, హంగరీ చెరిసగం అని రాసి స్టాలిన్ ముందుకు తోశాడు, ఆయన నీలం పెన్సిల్‌తో టిక్కు పెట్టి తిరిగిచ్చాడు. ఈ సంగతి తర్వాత చర్చిలే రాసుకున్నాడు. కోట్లమంది బతుకులు అరకాగితం మీద పంచుకున్నారు, అందులో ఏ ఒక్క దేశాన్నీ అడగలేదు. ఎన్నిసార్లు చదివినా నాకు కోపం తగ్గదు.

ప్రశ్న: ఈ వైరమంతా అణుబాంబు వల్లే మొదలైందని మా స్టాఫ్ రూమ్‌లో వాదన. మీరేమంటారు? (లెక్కల మాస్టారు, వరంగల్)

జవాబు: బాంబు కంటే ముందే అనుమానం ఉంది మాస్టారూ. కాకపోతే బాంబు వచ్చాక అది ఇక తగ్గే వీల్లేకుండా పోయింది. 1945 ఏప్రిల్‌లో రూజ్‌వెల్ట్ చనిపోయి ట్రూమన్ అధ్యక్షుడిగా వచ్చాడు. జులైలో జర్మనీలోని పోట్స్‌డామ్‌లో ముగ్గురు నాయకుల సమావేశం. అది మొదలయ్యే ముందు రోజు, జులై 16న, న్యూ మెక్సికో ఎడారిలో మొదటి అణుబాంబు పరీక్ష జరిగింది. జులై 24న ఆనాటి చర్చ అయ్యాక ట్రూమన్ తన దుబాసీని కూడా వెంటపెట్టుకోకుండా మామూలుగా నడుచుకుంటూ స్టాలిన్ దగ్గరికెళ్లి, మా దగ్గర అసాధారణమైన విధ్వంస శక్తి ఉన్న కొత్త ఆయుధం ఉంది అని మాత్రం చెప్పాడు. స్టాలిన్ మొహంలో ఏ మార్పూ లేదు. ఆయనకు విషయం అర్థం కాలేదని దూరం నుంచి చూస్తున్న చర్చిల్ అనుకున్నాడు. నిజానికి ఆ బాంబు తయారీలోనే పనిచేసిన శాస్త్రవేత్త క్లాస్ ఫుక్స్ లాంటి గూఢచారుల ద్వారా ఆ బాంబు పని సంగతి మాస్కోకు ఎప్పటికప్పుడు చేరుతూనే ఉంది.

మిత్రుడు దాచాడు, దాచినట్టు మిత్రుడికి ముందే తెలుసు. ఇంక నమ్మకం ఎక్కడ నిలుస్తుంది? హిరోషిమా, నాగసాకి అయిన ఆగస్టులోనే స్టాలిన్ తన రహస్య పోలీసుల అధిపతి బేరియా కింద ప్రత్యేక కమిటీ వేసి, అణు శాస్త్రవేత్త కుర్చాతోవ్ బృందాన్ని తొందరపెట్టాడు. 1949 ఆగస్టు 29న సోవియట్ బాంబు పేలింది. 1952లో అమెరికా హైడ్రోజన్ పరికరాన్ని పేల్చితే 1953లో రష్యా తన థర్మోన్యూక్లియర్ (హైడ్రోజన్ తరహా) బాంబును పరీక్షించింది. ఇద్దరి చేతిలోనూ అది ఉంది కాబట్టే ఎదురెదురుగా యుద్ధానికి దిగలేకపోయారు.

ప్రశ్న: ఇనుప తెర అంటే నిజంగా ఇనుముతో కట్టిన గోడా అండీ? (ఎనిమిదో తరగతి విద్యార్థి, ఖమ్మం)

జవాబు: కాదు బాబూ, అది మాటవరసకు అన్నది. 1946 మార్చి 5న అమెరికాలోని ఫుల్టన్ అనే చిన్న ఊళ్లో, ట్రూమన్‌ను వేదిక మీద కూర్చోబెట్టుకుని చర్చిల్ ప్రసంగించాడు. బాల్టిక్ ఒడ్డున స్టెటిన్ నుంచి ఆడ్రియాటిక్ ఒడ్డున ట్రియెస్ట్ దాకా ఐరోపాకు అడ్డంగా ఇనుప తెర దిగిందని అన్నాడు. దానికి కొన్ని రోజుల ముందే మాస్కోలోని అమెరికన్ దౌత్యాధికారి జార్జ్ కెనన్, సోవియట్లు బుజ్జగిస్తే వినరు, గట్టిగా నిలబడితే తగ్గుతారు అంటూ వాషింగ్టన్‌కు చాలా పొడవైన టెలిగ్రామ్ పంపాడు. కట్టడి విధానం, అంటే సోవియట్ల ప్రభావం ఇంకా విస్తరించకుండా ఆపడం, అని మీ పై తరగతుల పుస్తకాల్లో చదువుతావే, దానికి మూలం అదే. 1947 మార్చిలో గ్రీసు, టర్కీలకు 40 కోట్ల డాలర్లు ఇమ్మని ట్రూమన్ కాంగ్రెస్‌ను అడగడంతో అది అమెరికా విధానమైపోయింది. నువ్వు ఫొటోల్లో చూసే బెర్లిన్ గోడ వేరు, దాన్ని 1961 ఆగస్టులో మొదలుపెట్టారు.

ప్రశ్న: మా అబ్బాయి బెర్లిన్‌లో చదువుతున్నాడు. టెంపెల్‌హోఫ్ అనే పాత ఎయిర్‌పోర్టు ఇప్పుడు పార్కు అయిందట, సాయంత్రం అక్కడికే వాకింగ్‌కి వెళ్తాడట. అక్కడేదో చాక్లెట్ల కథ ఉందని ఫోన్లో చెప్పాడు గానీ సరిగా అర్థం కాలేదు. (గృహిణి, విజయవాడ)

జవాబు: మీ అబ్బాయి నడుస్తున్న ఆ రన్‌వే గురించి రాయడం నాకు చాలా ఇష్టమైన పనమ్మా, కాస్త పొడుగైనా ఓపిగ్గా చదవండి.

ఓడిన జర్మనీని నలుగురు పంచుకున్నారు. తూర్పు భాగం సోవియట్లది, పడమటిది అమెరికా, బ్రిటన్, ఫ్రాన్సులది. రాజధాని బెర్లిన్‌ను కూడా అలాగే పంచారు, కానీ ఆ నగరం ఉన్నది సోవియట్ భాగంలో 160 కిలోమీటర్ల లోపల. 1947 జూన్‌లో యుద్ధంలో దెబ్బతిన్న ఐరోపాను నిలబెట్టడానికి అమెరికా డబ్బు సాయం, అదే మార్షల్ పథకం, ప్రకటించారు. పదహారు దేశాలకు నాలుగేళ్లలో సుమారు 1,300 కోట్ల డాలర్లు వెళ్లాయి. చెకొస్లొవేకియా కూడా చేరతానంది, స్టాలిన్ వద్దనేసరికి వెనక్కి తగ్గింది, 1948 ఫిబ్రవరికి అక్కడ పూర్తిగా కమ్యూనిస్టు ప్రభుత్వమే వచ్చింది. ఆ జూన్‌లో పడమటి జర్మనీలో కొత్త కరెన్సీ తెచ్చారు. పాత మార్కులకు విలువ పోయి జనం సిగరెట్లతో బేరాలాడుకునే రోజులవి, కాబట్టి అది అవసరమే. కానీ స్టాలిన్‌కు అది వేరే జర్మనీ కట్టుకుంటున్నట్టు కనిపించింది, అదీ అబద్ధం కాదు. జూన్ 24న పడమటి బెర్లిన్‌కు వెళ్లే రోడ్లు, రైళ్లు, కాలువ దారులు అన్నీ మూసేశాడు. లోపల ఇరవై లక్షల పైచిలుకు జనం.

అప్పుడు విమానాలు మొదలయ్యాయి. పిండి, పాలపొడి, ఎండబెట్టిన బంగాళాదుంపలు, అన్నిటికంటే ఎక్కువగా బొగ్గు. బొగ్గును గోతాల్లో నింపి విమానాల్లో తెచ్చారంటే నమ్మండి, మొత్తం సరుకులో మూడింట రెండు వంతులు అదే. కరెంటు రోజుకు కొద్ది గంటలే. 1949 ఏప్రిల్‌లో ఒక్క రోజులో దాదాపు 1,400 విమానాలు దిగాయి. మొత్తం మీద 2 లక్షల 77 వేల ట్రిప్పులు, 23 లక్షల టన్నులు. మూడేళ్ల కిందట ఇదే నగరం మీద బాంబులు కురిపించిన దేశాల పైలట్లే, ఇప్పుడు దానికి తిండి మోసుకొచ్చారు. ప్రమాదాల్లో సుమారు వందమంది చనిపోయారు కూడా.

చాక్లెట్ల కథ ఇదీ. గెయిల్ హాల్వర్సన్ అనే అమెరికన్ పైలట్ ఒక రోజు టెంపెల్‌హోఫ్ కంచె దగ్గర నిలబడ్డ పిల్లలతో మాట్లాడాడు. వాళ్లు ఏమీ అడగలేదు, అదే ఆయన్ని కదిలించింది. జేబులో రెండే చూయింగ్ గమ్ ముక్కలున్నాయి, వాటిని నాలుగు చేసి ఇచ్చాడు. ఎవరూ కొట్టుకోలేదు. దొరకని పిల్లలు ఆ గమ్ చుట్టిన కాగితాన్ని చింపుకుని, తలా కొంచెం తీసుకుని వాసన చూశారు. రేపు విమానంలోంచి మీకు వేస్తానన్నాడు. నీ విమానం ఏదో ఎలా తెలుస్తుందంటే, రెక్కలు ఊపుతానన్నాడు. చేతిరుమాళ్లకు దారాలు కట్టి, చిన్న చిన్న పారాచూట్లు చేసి చాక్లెట్లు వేశాడు. తర్వాత మిగతా పైలట్లూ కలిశారు, అమెరికా బడిపిల్లలు రుమాళ్లు పంపారు, ఇరవై టన్నులకు పైగా మిఠాయి అలా దిగింది. ఆయన 2022 దాకా బతికాడు, నూట ఒక్క ఏళ్లు.

1949 మే 12న దారులు తెరిచారు. కానీ అప్పటికే ఏప్రిల్‌లో అమెరికా వైపు పన్నెండు దేశాల సైనిక కూటమిగా నాటో పుట్టింది, ఆ ఏడాదే రెండు జర్మనీలు ఏర్పడ్డాయి. 1955లో పడమటి జర్మనీని నాటోలో చేర్చుకోగానే సోవియట్లు తమ వైపు దేశాలతో వార్సా ఒప్పందం అనే సైనిక కూటమి పెట్టుకున్నారు. ఒకరు తలుపుకు గడియ పెట్టుకుంటే ఎదురింటాయన అది తనను కొట్టడానికి తెచ్చిన కర్ర అనుకున్నాడు, ఆయన ఒక కర్ర తెచ్చుకున్నాడు. ఆ పదేళ్లూ అలాగే నడిచాయి.

ప్రశ్న: మా తాతగారు తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేశారు. మన నాయకులు మాస్కో వెళ్లి స్టాలిన్‌ను కలిశారని ఆయన అనేవారు. నిజమేనా? (పాఠకుడు, నల్గొండ)

జవాబు: నిజమేనండీ. 1951 మొదట్లో కమ్యూనిస్టు పార్టీ నాయకులు చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, అజయ్ ఘోష్, డాంగే రహస్యంగా వెళ్లారు. ఫిబ్రవరిలో స్టాలిన్‌తో మాట్లాడారు. అప్పటికి కొరియాలో యుద్ధం భగ్గున మండుతోంది. ఆ కొరియాను కూడా 1945 ఆగస్టులో ఒక రాత్రి ఇద్దరు అమెరికన్ కల్నల్‌లు మ్యాప్ ముందు పెట్టుకుని అరగంటలో 38వ అక్షాంశం దగ్గర రెండు ముక్కలు చేశారు, ఆ దేశం ఇప్పటికీ అతుక్కోలేదు.

చైనా దారిలోనే మేమూ వెళ్తాం అన్నది మన ఆంధ్ర నాయకుల వాదన. చైనా పార్టీకి వెనక మంచూరియా ఉంది, దాని వెనక సోవియట్ యూనియన్ ఉంది, మీకు అలాంటి అండ ఏదీ అన్నది స్టాలిన్ మాటల సారాంశం. ఒక్క గెరిల్లా పోరాటంతో పని జరగదని, పట్టణాల్లో కార్మికులను కూడా కూడగట్టాలని చెప్పాడు. ఆ అక్టోబర్‌లో పోరాటాన్ని విరమిస్తున్నట్టు పార్టీ ప్రకటించింది. మాస్కో మాట ఒక్కటే కారణం అనను. భారత సైన్యం ఒత్తిడి, పార్టీలో చీలికలు, దగ్గర పడుతున్న మొదటి ఎన్నికలు అన్నీ ఉన్నాయి. అడవిలో తుపాకీ పట్టుకుని ఉన్న మీ తాతగారి లాంటి వాళ్లకు ఈ మాటలన్నీ ఎంత ఆలస్యంగా, ఏ రూపంలో చేరాయో తెలుసుకోవాలని నాకు చాలా ఉంది. ఆయన ఉత్తరాలు గానీ, ఆనాటి కరపత్రాలు గానీ ఇంట్లో పెట్టెలో ఎక్కడైనా ఉంటే దయచేసి చెదలు పట్టకముందే ఫొటోలు తీసి పెట్టండి, వీలైతే నాకూ పంపండి.