ఘాట్‌లో టెంటు జరుగుతోందా? నట్లు మార్చండి

అన్నా, భాకరాపేట ఘాట్ మలుపుల్లో కారు పైన బిగించిన రూఫ్‌టాప్ టెంటు వెనక్కి జరిగి, నట్లు వదులయ్యాయన్నారు కదా. మామూలు నట్లు ఎంత బిగించినా అదురుకి వదులవుతాయి. బోల్టులు ఎం8 (8 మి.మీ. మందం) అయితే ఎం8 నైలాక్ నట్లు (లోపల నైలాన్ రింగు ఉండేవి), వెడల్పు వాషర్లు వేయండి. క్రాస్‌బారుకీ (కారు కప్పు మీది అడ్డకడ్డీ), టెంటును దానికి పట్టి ఉంచే క్లాంపు పలకకీ మధ్య పలుచని రబ్బరు, సైకిల్ ట్యూబు ముక్కైనా సరే, పెడితే జారదు. నాలుగు మూలలూ కొంచెం కొంచెంగా, ఐమూలగా బిగించండి. ఒక్కచోటే బిగిస్తే టెంటు అడుగునున్న అల్యూమినియం చానెల్ వంగిపోతుంది. 50 కిలోమీటర్లు తిరిగాక రబ్బరు అణుగుతుంది, మళ్ళీ పానా పెట్టి చూడండి. విప్పిన నైలాక్ నట్టు తిరిగి వాడొద్దు.

అన్నిటికన్నా ముఖ్యం బరువు. టెంటు 60 కిలోలుంటే, దానికి క్రాస్‌బార్ల బరువూ కలిపి కారు మాన్యువల్‌లోని రూఫ్ లోడుతో (కప్పు మోయగల బరువు) పోల్చండి. ఆ అంకె బండి పరుగెత్తేటప్పటి లెక్క. మించితే మాత్రం తలకోన దారి పట్టకండి, దయచేసి.