చిన్నీ, సంతకం పెట్టే ముందు ఇది చదువు

చిన్నీ,

ఆ చిన్న ఎయిర్‌లైన్ పంపిన పైలట్ ఉద్యోగం ఆఫర్ లెటర్ చూశాను. నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి "జీతం మరీ ఇంత తక్కువేంటన్నయ్యా, పెద్ద ఎయిర్‌లైన్‌లో వచ్చేదాకా ఆగమని నువ్వైనా చెప్పు" అని గంటసేపు గొడవ. వాడికి ఊఁ కొట్టి పెట్టేశాను. నీకు మాత్రం వెళ్లమనే చెప్తున్నాను. కాకపోతే ఆ కాగితంలో జీతం అంకె చూసి ఆగిపోయినట్టున్నావు, దాని కింద గంటల గురించి రాసిన నాలుగు లైన్లు మళ్లీ చదువు. మన ఉద్యోగంలో అన్నీ గంటల్లోనే నడుస్తాయి. కంపెనీ గంటని ఒకలా లెక్కేస్తుంది, ఎగిరిన గంటలు రాసుకునే లాగ్‌బుక్ ఇంకోలా లెక్కేస్తుంది, ఒళ్లు మాత్రం దాని లెక్క అది వేసుకుంటుంది.

ముందు కంపెనీ లెక్క. చోక్స్ (చక్రాలకి పెట్టే అడ్డుదిమ్మలు) తీసి విమానం కదిలిన దగ్గర్నుంచి, దిగి ఆగి మళ్లీ చోక్స్ పెట్టేదాకా, అదే బ్లాక్ టైమ్, చాలాచోట్ల జీతం దానికే. పొద్దున అయిదింటికి రిపోర్ట్ చేసి సాయంత్రం అయిదింటికి దిగావనుకో, మధ్యలో నలభై నిమిషాల సెక్టార్లు, అంటే ఎక్కి దిగే ప్రయాణాలు, ఆరు. పన్నెండు గంటల డ్యూటీకి నాలుగు గంటల జీతం. మిగతా ఎనిమిది గంటలు బరువుల లెక్క, అదే లోడ్ షీట్, రాస్తూ, ఫ్యూయల్ బండి కోసం చూస్తూ, పొగమంచు ఎప్పుడు విడుతుందా అని కిటికీలోంచి చూస్తూ గడిచిపోతాయి, వాటికి ఎవరూ ఏమీ ఇవ్వరు. అందుకే నెలకి కనీసం ఇన్ని గంటలకి జీతం ఇస్తామనే గ్యారంటీ ఉందో లేదో చూడు. 70, 75 గంటలు అనేది తరచూ వినపడే లెక్క. వాతావరణం బాగోక ఫ్లైట్ కేన్సిల్ అయితే ఆ గంటలు ఇస్తారా, స్టాండ్‌బై రోజుకి (పిలిస్తే వెళ్లేలా సిద్ధంగా ఉండే రోజు) ఎన్ని గంటలు వేస్తారు, ట్రైనింగ్ నెలల్లో గ్యారంటీ వర్తిస్తుందా, ఇవన్నీ మెయిల్‌లో అడుగు, ఫోన్‌లో వద్దు. చిన్న కంపెనీకి ఉండేదే నాలుగైదు విమానాలు. అందులో ఒకటి స్పేర్ పార్ట్ రాక హ్యాంగర్‌లో మూడు వారాలు కూర్చుంటే గ్యారంటీ లేని పైలట్‌ కూడా జీతం లేకుండా ఇంట్లో కూర్చోవాల్సిందే.

బాండ్ సంగతి. టైప్ రేటింగ్, అంటే ఆ రకం విమానం నడపడానికి కావాల్సిన శిక్షణ, ఖర్చు కంపెనీ పెట్టుకుని రెండు మూడేళ్లు ఉండమనడం మామూలే, అందులో తప్పు పట్టడానికేం లేదు. బాండ్ మొత్తం నెలనెలా తగ్గుతూ రావాలి, చివరి నెలలో వెళ్లిపోతే మొత్తం కట్టమనే బాండ్ మీద సంతకం పెట్టకు. మెడికల్ (ఆరోగ్యం బాగుందనే సర్టిఫికెట్) పోతే, వాళ్లే నిన్ను తీసేస్తే, కంపెనీయే మూతపడితే ఏంటన్నది కూడా రాసి ఉండాలి. ఇక నువ్వే ఎదురు డబ్బు కట్టి ప్రయాణికులున్న విమానంలో కో-పైలట్‌గా కూర్చునే స్కీము ఎవడైనా చెప్తే అక్కడినుంచి లేచి వచ్చెయ్. పని చేసినందుకు డబ్బులివ్వాల్సిన వాడు తీసుకోవడమేమిటి!

పనెలా ఉంటుందంటే, సినిమాలో చూపించేలా మాత్రం ఉండదు. మీ దగ్గర ఉన్నవి 19 సీట్లవి అన్నావు కదా. ఈ 19 ఎక్కడినుంచి వచ్చిందో తెలుసా, చాలా దేశాల్లో ఇరవయ్యో సీటు వేస్తే క్యాబిన్ అటెండెంట్‌ని పెట్టాలి. అంటే సీట్ బెల్టు ఎలా పెట్టుకోవాలో చెప్పేది నువ్వే, తలుపు వేసేది నువ్వే, ఒక్కోసారి బ్యాగులు ఎక్కించేదీ నువ్వే. ఇలాంటి విమానాల్లో చాలావాటికి కాక్‌పిట్ తలుపుండదు, ముందు వరసలో కూర్చున్నాయన నువ్వు నొక్కే ప్రతి స్విచ్చీ చూస్తుంటాడు. అలవాటైపోతుంది. మనుషుల్ని ఎడమ నుంచి కుడికి, వెనక నుంచి ముందుకి మార్చి కూర్చోబెట్టాల్సి వస్తే "నేను లావనా" అని కొందరు చిన్నబుచ్చుకుంటారు, నవ్వుతూ సర్దిచెప్పు, బరువు లెక్క మాత్రం ఎవరి మొహం చూసీ సర్దకు.

ఇంత చాకిరీకి దక్కేదేమిటంటే, చెయ్యి తిరగడం. పెద్ద విమానంలో ఖండాలు దాటే వాడికి నెలకి రెండు మూడు ల్యాండింగ్‌లు వస్తే గొప్ప, నీకు రోజుకి ఆరు. ట్విన్ ఓటర్, కారవాన్ లాంటి చిన్న విమానాలకి క్యాబిన్ ప్రెజరైజేషన్, అంటే లోపల గాలి ఒత్తిడి నిలబెట్టే ఏర్పాటు, ఉండదు కాబట్టి మబ్బుల పైకి వెళ్లి తప్పించుకోవడం కుదరదు, వానలోనే, కుదుపుల్లోనే బతుకు. రెండేళ్లు అలా తిరిగినవాళ్లకి వాతావరణం ఎలా అర్థమవుతుందో సిమ్యులేటర్‌లో ఎవరూ నేర్పలేరు. కమాండ్, అదే కెప్టెన్ సీటు, కూడా ఇక్కడ త్వరగా వస్తుంది. ఒకటి మాత్రం ముందే కనుక్కో: ఒక్క పైలట్‌తో నడపడానికి సర్టిఫై అయిన విమానంలో కుడి సీట్లో కో-పైలట్‌గా కూర్చున్న గంటలు అన్నిచోట్లా లెక్కలోకి రావు. రెండేళ్లు తిరిగాక పెద్ద ఎయిర్‌లైన్ వాడు "ఈ గంటలు చెల్లవు" అంటే ఏడ్చినా లాభం లేదు. లాగ్‌బుక్ ఏరోజుది ఆరోజు రాసుకో, చెక్ రైడ్ (నడిపించి చూసే పరీక్ష) కాగితాలన్నిటికీ కాపీ తీసి ఇంట్లో పెట్టు. నేను చేసిన మొదటి కంపెనీ ఒక సోమవారం పొద్దున తెరుచుకోలేదు. నా ట్రైనింగ్ రికార్డులన్నీ లోపలే ఉండిపోయాయి, వాటిని బయటికి తెచ్చుకోవడానికి ఏడు నెలలు పట్టింది.

ఇప్పుడు ఒంటి లెక్క. నాకు ఇదే ముఖ్యం, అందుకే పెద్దగా రాస్తున్నాను, విసుక్కోకు.

అప్పటికి నాకు ఆరు నెలల అనుభవం. ముందు రాత్రి నాలుగు గంటల నిద్ర, ఆరోజు ఆరో సెక్టార్, చీకటి పడింది. కంట్రోలర్ అక్కడి గాలి ఒత్తిడి 1003 అన్నాడు. నేనూ "1003" అని రీడ్‌బ్యాక్ చేశాను, అంటే తిరిగి చెప్పాను, స్పష్టంగా. చెయ్యి మాత్రం ఎత్తు చూపే ఆల్టిమీటర్‌లో 1013 తిప్పింది. పది మిల్లీబార్లంటే దాదాపు మూడు వందల అడుగులు, నేను ఉన్నాననుకున్న ఎత్తుకంటే అంత కిందికి దిగబోతున్నామన్నమాట. కెప్టెన్ మామూలుగా "నాది 1003, నీది?" అంది. చూసుకుంటే ఒళ్లు చల్లబడిపోయింది. ఆవిడ ఒక్క మాట అనలేదు, కిందికి దిగాక మాత్రం "రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావ్?" అని అడిగింది. 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడిలా పడిపోతుందని 1997లో ఒక అధ్యయనం తేల్చింది. తాగొచ్చిన వాణ్ని కాక్‌పిట్‌లోకి రానివ్వం, నిద్ర లేనివాణ్ని మాత్రం "ఒక్క సెక్టారే కదా" అంటాం.

నువ్వు బేస్‌కి, అంటే డ్యూటీ మొదలయ్యే ఊరికి, మకాం మార్చకుండా ఇంటినుంచే వెళ్లొస్తానన్నావట. వద్దు. 2009 ఫిబ్రవరి 12 రాత్రి అమెరికాలో న్యూవార్క్ నుంచి బఫెలో వెళ్తూ కోల్గన్ ఎయిర్ 3407 కూలిపోయింది, విమానంలో 49 మంది, కింద ఇంట్లో ఒకరు చనిపోయారు. కో-పైలట్ ముందు రాత్రంతా సియాటిల్ నుంచి వేరే విమానాల్లో ప్రయాణం చేసి డ్యూటీకి వచ్చింది, పైగా జలుబు. కెప్టెన్ ఆ ముందు రాత్రి పడుకున్నది క్రూ రూమ్‌లో. స్టాల్ (వేగం తగ్గి రెక్కలు విమానాన్ని మోయలేకపోవడం) హెచ్చరిక వచ్చినప్పుడు కెప్టెన్ ముక్కు కిందికి దించాల్సింది పోయి కంట్రోల్ వెనక్కి లాగాడు, ప్రధాన కారణం అదేనని దర్యాప్తు తేల్చింది, అలసట వాళ్ల పనితీరు మీద ప్రభావం చూపి ఉండొచ్చనీ అంది. ఆ తర్వాతే, 2013లో, అమెరికా ఎయిర్‌లైన్లలో కో-పైలట్‌కి కూడా 1500 గంటల నియమం వచ్చింది, డిగ్రీ, మిలిటరీ వాళ్లకి కొంత తగ్గింపుతో. విచిత్రమేంటంటే ఆ ఇద్దరికీ 1500 కంటే ఎక్కువ గంటలే ఉన్నాయి. కాబట్టి లాగ్‌బుక్ లావుగా ఉందని ధీమా పడకు, జీతంలో కొంత పోయినా సరే బేస్ దగ్గరే గది తీసుకో.

కంపెనీ ఎలాంటిదో తెలుసుకోవడానికి నాకు తెలిసిన మంచి దారి టెక్ లాగ్, అంటే విమానంలో లోపాలు రాసే పుస్తకం. బేస్‌కి వెళ్లినప్పుడు ఎవరైనా కెప్టెన్‌ని బతిమాలి ఒక విమానంది చూడు. స్నాగ్‌లు, అదే లోపాలు, రాసి ఉంటే భయపడకు, రాయడమే మంచిది. నెలంతా పగలు ఒక్క స్నాగూ లేకుండా, రోజు చివర బేస్‌లో దిగాకే అన్నీ ఒకేసారి రాసి ఉంటే మాత్రం అనుమానించు. ఎక్కడో చిన్న ఎయిర్‌పోర్ట్‌లో రాస్తే విమానం అక్కడే ఆగిపోతుందని పైలట్లు నోటితో చెప్పుకుని లాక్కొస్తున్నారన్నమాట. నువ్వు మాత్రం ఎక్కడ కనపడితే అక్కడే రాయి. మెకానిక్‌కి నోటితో చెప్పిన స్నాగ్, అసలు చెప్పనట్టే.

సంతకానికి వెళ్లినప్పుడు "మీరేమైనా అడుగుతారా" అంటారు కదా, అప్పుడు "ఆఖరిసారి ఒక కెప్టెన్ ఫ్లైట్ ఆపేసినప్పుడు ఏం జరిగిందండీ?" అని అడుగు. జవాబు కంటే మొహాలు చూడు. ఒకళ్లవైపు ఒకళ్లు చూసుకుంటే సంగతి అర్థమైనట్టే. నాకు ఈ విషయం ఆ 1003 కెప్టెన్ దగ్గరే తెలిసింది. ఒక చలికాలం తెల్లవారుజామున రెక్కల మీద పలచగా మంచు పట్టింది, స్టేషన్ మేనేజర్ "ఎండ వస్తే అదే కరిగిపోతుంది, ముందు కదలండి" అని తొందరపెడుతున్నాడు. ఆవిడ నిచ్చెన వేయించి నన్ను ఎక్కించి, రెక్క మీద అరచెయ్యి పెట్టి రుద్దమంది. గరుకు కాగితం రుద్దినట్టుంది. ఆ మాత్రం మంచే విమానాన్ని పైకి లేపే లిఫ్ట్‌ని ముప్ఫై శాతం దాకా తగ్గించగలదు. కిందికి దిగి మేనేజర్‌తో "ఇతను కూడా చూశాడు" అంది, అంతే, మేము ఇద్దరం కాఫీ తాగుతూ నలభై నిమిషాలు కూర్చున్నాం. ఆ నెలంతా ఆవిడకి స్టాండ్‌బైలే వేశారు. అప్పుడే నాకు ఆ కంపెనీ మీద నమ్మకం పోయింది, అయినా బాండ్ ఉంది కాబట్టి ఇంకో పదకొండు నెలలు ఉన్నాను.

లైసెన్స్ పోతే వచ్చే ఇన్సూరెన్స్ మొదటి జీతంలోనే తీసుకో, మెడికల్ అన్నది ఎప్పుడు ఎలా పోతుందో చెప్పలేం. పెద్ద కంపెనీకి మారితే సీనియారిటీ మళ్లీ సున్నా నుంచి మొదలవుతుందని కూడా మర్చిపోకు, ఇక్కడ నువ్వు కెప్టెన్‌వైనా అక్కడ మళ్లీ రోస్టర్ అడుగున ఉంటావు, అప్పుడు గొణగకు.

నువ్వు పంపిన ఫోటోల్లో బాండ్ ఉన్న పేజీ లేదు. రేపు సంతకం పెట్టే ముందు అది పంపు, ఎంత రాత్రయినా చూస్తాను. మీ నాన్నతో నేను మాట్లాడతాలే.

మీ పెదనాన్న