సర్వే డేటా తెరిచే ముందు: సింధుకి

చిరంజీవి సింధుకి పెద్దనాన్న ఆశీస్సులు.

మొన్న నువ్వు చూపించిన గ్రాఫ్ గురించే ఆలోచిస్తున్నాను. చదువు ఎక్కువున్న దేశాల్లో తోటి మనుషుల మీద నమ్మకం కూడా ఎక్కువని గీత గీశావు, బాగుంది. కింద మాత్రం "కాబట్టి చదువుకున్నవాళ్లు ఇతరులను ఎక్కువ నమ్ముతారు" అని రాశావు. ఆ "కాబట్టి" దగ్గర ఆగు తల్లీ. నీ గీత దేశాల గురించి చెబుతోంది, నీ వాక్యమేమో మనుషుల గురించి.

రాబిన్సన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1950లోనే ఈ పొరపాటును బయటపెట్టాడు. అమెరికా 1930 జనాభా లెక్కలను రాష్ట్రాలవారీగా చూస్తే, విదేశాల్లో పుట్టినవాళ్లు ఎక్కువున్న చోట నిరక్షరాస్యత తక్కువ. సహసంబంధం, అంటే రెండు విషయాలు ఎంతగా కలిసి మారతాయో చెప్పే అంకె, సుమారు మైనస్ 0.53 (మైనస్ అంటే ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది). మనుషులవారీగా లెక్కిస్తే అది ప్లస్ 0.12 అయింది, అంటే గుర్తే మారిపోయింది. స్థానికుల కంటే వలస వచ్చినవాళ్లలో చదువు రానివాళ్లు కాస్త ఎక్కువ, కానీ వాళ్లు స్థిరపడింది స్థానికులు బాగా చదువుకున్న రాష్ట్రాల్లో. మన గచ్చిబౌలినే చూడు. భవనాలు కట్టే కూలీలు పని ఉన్నచోటికే వస్తారు. ఆ ప్రాంతపు సగటు ఆదాయం చూసి కూలీ ఇంట్లో ఎంత ఉందో చెప్పగలమా?

ఇంకొకటి, సర్వేలో అడిగిన ప్రశ్న. పలు దేశాల్లో జనం నమ్మకాలు, విలువల గురించి అడిగే వరల్డ్ వాల్యూస్ సర్వే 1981 నుంచి "చాలామందిని నమ్మవచ్చా, జాగ్రత్తగా ఉండాలా" అని అడుగుతోంది. "చాలామంది" అంటే ఒకరికి తమ వాడకట్టు, ఇంకొకరికి ముక్కూమొహం తెలియనివాళ్లు. పొరుగువాళ్ల గురించి, మొదటిసారి కలిసినవాళ్ల గురించి తర్వాతి దఫాల్లో విడివిడిగా అడిగారు. నీకు పనికొచ్చేవి అవే. ప్రశ్నపత్రం చదవకుండా డేటా ముట్టుకోకు.

వెయిట్లు, అంటే శాంపిల్ జనాభాకు సరిపోలేలా ఒక్కొక్కరి జవాబుకు ఇచ్చే బరువులు. వాటి సంగతి నేను దెబ్బతిని నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో వెయిట్లు వేయకుండానే పట్టికలు పంపాను. శాంపిల్‌లో జనాభాకు మించి తీసుకున్న చిన్న ప్రాంతాల లెక్క మొత్తం సగటును లాగేసింది. ఒక సీనియర్ పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది గానీ, ఆ రాత్రి టెన్షన్‌తో నిద్రపట్టలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఫైళ్లలో వెయిట్ దశాంశ చుక్క లేకుండా ఉంటుంది, పది లక్షలతో భాగించాలి. మగవాళ్లకు వేరే వెయిట్, గృహహింస ప్రశ్నలకు వేరే వెయిట్.

అదే సర్వేలో మన తెలంగాణ విషయం మరీ జాగ్రత్త. 2005-06 నాటి "ఆంధ్రప్రదేశ్"లో మనమూ ఉన్నాం, 2015-16 నాటి దాంట్లో లేము. పేరు ఒకటే కదా అని రెండు అంకెలనూ ఒక గీతతో కలిపితే, పెరిగిందో తగ్గిందో కాదు, సరిహద్దు మారిందని మాత్రమే తెలుస్తుంది. జిల్లాలూ అంతే, 10 కాస్తా 33 అయ్యాయి.

ఆదివారం ఇంటికి రా. ప్రశ్నపత్రం, శాంపిల్ ఎలా తీశారో చెప్పే పత్రం ప్రింట్ తీసుకురా. లాప్‌టాప్ సాయంత్రం తెరుద్దాం.

మీ పెద్దనాన్న