గ్యాస్ సంగతి తర్వాత, ముందు ఆ కిటికీ మూయండి

విజయనగరంలో పై అంతస్తు గది, ఒక టన్ను పోర్టబుల్ ఏసీ, మధ్యాహ్నం నుంచి ఆన్‌లో ఉన్నా ఉక్కపోత తగ్గట్లేదు, గ్యాస్ అయిపోయిందేమో అని టెన్షన్ పడుతున్నారు కదండీ. ఏసీ లోపలికి పీల్చే గాలి కన్నా దాని ముందు భాగంలోంచి వచ్చే గాలి సుమారు 8 డిగ్రీలు చల్లగా ఉంటే గ్యాస్ బాగానే ఉన్నట్టు.

వేడిగాలి బయటికి పోయే గొట్టాన్ని ఊచల మధ్య పెట్టి కిటికీ రెక్క ఓరగా వదిలేశామన్నారు, అసలు తంటా అక్కడే. ఒకే గొట్టం ఉన్న ఏసీ గదిలో గాలినే లాక్కుని వేడితో పాటు బయటికి నెడుతుంది. పోయినంత గాలీ ఏదో సందులోంచి లోపలికి రావాల్సిందే. మన వైపు వచ్చేదేమో సముద్రపు తేమ నిండిన వేడిగాలి! గొట్టం చుట్టూ సందు మూయడానికి కంపెనీ ఇచ్చే పట్టీ పక్కకి జరిపే కిటికీలకి పనికొస్తుంది గానీ మన రెక్కల కిటికీలకి కాదు. చట్రం కొలతకి ప్లైవుడ్ కోయించి, గొట్టం పట్టేంత రంధ్రం పెట్టించి, అంచులకి ఫోమ్ టేపు వేయండి. వడ్రంగికి పెద్ద పనేం కాదు. తలుపు కింద సందుకి పాత దుప్పటి చాలు.

ఏసీ నడుస్తుండగా గొట్టం ముట్టుకుని చూడండి, గదిలో హీటర్ పెట్టుకున్నట్టే ఉంటుంది. మలుపులు లేకుండా పొట్టిగా ఉంచి, పైన ఇన్సులేషన్ షీటు చుట్టండి. ఇంకో ముక్క అతికించి పొడుగు మాత్రం చేయొద్దు.

ఫిల్టర్ రెండు వారాలకోసారి కడగండి. ఈ తేమకి ఏసీ లోపలి నీళ్ళ ట్యాంకు త్వరగా నిండి మిషన్ ఆగిపోతుంటే డ్రైన్ పైపు పెట్టేయండి. స్లాబు వేడి రాత్రి దాకా దిగుతూనే ఉంటుంది కాబట్టి మేడ మీద తెల్లటి కూల్ పెయింట్ వేయిస్తే ఇంకా మంచిది.