శుద్ధి చేసిన మురుగునీటిలో యాంటీబయాటిక్‌లు పోతాయా?

ప్రశ్న: కర్నూలు శివారులో, హంద్రీ ఒడ్డున ఎకరన్నరలో పాలకూర, కొత్తిమీర, గేదెలకు నేపియర్ గడ్డి పెంచుతున్నాను. శుద్ధి చేసి వదిలిన పట్టణ మురుగునీటినే పారిస్తున్నాను. ఇళ్లలో వాడే యాంటీబయాటిక్‌లు ఆ శుద్ధిలో పోతాయా? శుద్ధి కేంద్రపు బురదను ఎరువుగా వేయవచ్చా?

జవాబు: పూర్తిగా పోవు. మనం మింగిన అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్‌లో సగానికి పైగా మార్పు చెందకుండానే మూత్రంతో బయటికి వచ్చి మురుగులో కలుస్తుంది. శుద్ధి కేంద్రంలో గాలి ఊది పెంచే సూక్ష్మజీవులు మురుగులోని సేంద్రియ పదార్థాన్ని తినడానికి ఉద్దేశించినవే గాని మందులను తొలగించడానికి కావు కనుక, ఫలితం మందును బట్టి మారుతుంది. అమాక్సిసిలిన్ వంటివి నీటిలో త్వరగానే విచ్ఛిన్నమవుతాయి. సిప్రోఫ్లాక్సాసిన్, టెట్రాసైక్లిన్ నీటి నుంచి చాలావరకు తొలగినా, అవి ఎక్కువగా బురదకు అంటుకొని అక్కడే నిలిచి ఉంటాయి. సల్ఫామెథాక్సజోల్, ట్రైమెథోప్రిమ్ బురదకు అంతగా అంటుకోవు కాబట్టి వాటిలో కొంత భాగం నీటితోపాటే మీ కాలువకు చేరుతుంది. చివర్లో ఓజోన్ వాయువు గాని, యాక్టివేటెడ్ కార్బన్ (మందులను పట్టి ఉంచే ప్రత్యేకమైన బొగ్గు) గాని వాడితే వీటిని చాలావరకు తీసివేయవచ్చు. కాని అది ఖర్చుతో కూడిన పని.

ఆ నీటిలో మందు సాధారణంగా లీటరుకు మైక్రోగ్రాముల్లోనో, అంతకన్నా తక్కువగానో ఉంటుంది. ఆకుల్లోకి చేరేది ఇంకా స్వల్పం. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మందులకు లొంగని సూక్ష్మజీవులు. అవి క్లోరిన్ వేసినా కొన్ని మిగులుతాయి, ఆ లొంగని గుణాన్నిచ్చే తమ జన్యువులను తోటి సూక్ష్మజీవులకు అందించగలవు. కొత్తిమీర ఆకు మీద పడితే ఉడకకుండానే నోటికి చేరతాయి.

కాబట్టి కొత్తిమీరకు ఈ నీరు వద్దు. పాలకూరతో సహా ఆకుకూరలన్నిటినీ బోరు నీటి మడుల్లోకి మార్చి, ఈ నీటిని గడ్డికి, పత్తి వేస్తే దానికి మాత్రమే కేటాయించండి. అదీ తుంపర్లతో కాకుండా, ఆకు తడవని విధంగా బోదెల్లోనో డ్రిప్పుతోనో ఇవ్వండి. గడ్డి కోతకు కనీసం రెండు వారాల ముందు ఈ నీరు ఆపి, అవసరమైతే బోరు నీరు పెట్టండి. తడి పెట్టేటప్పుడు బూట్లు వేసుకోండి, ఆ తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి.

బురద ఊరికే ఇస్తున్నారని మాత్రం పొలానికి తోలకండి. బాగా వేడెక్కేలా కంపోస్టు చేస్తే రోగకారక క్రిములు, టెట్రాసైక్లిన్ తగ్గుతాయి గాని, సిప్రోఫ్లాక్సాసిన్ మొండిది, నేలలో నెలల తరబడి నిలుస్తుంది. ఆకుకూరల మడులకు మీ గేదెల పేడ ఎరువునే బాగా చివికించి వేయండి. ఆ గేదెలకు పశువైద్యుడు చెప్పకుండా యాంటీబయాటిక్ సూదులు వేయించకపోవడం కూడా ఈ జాగ్రత్తలో భాగమే.